పటాల అద్దాలతో కట్టిన ఆకాశం

1959 జూన్ 5, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మా ఆయన స్టూలెక్కి గోడమీది మామగారి పటాన్ని దించాడు. గడియారం ఆ పటం పక్కనే ఉండేది కనుక సమయం విషయంలో నాకు అనుమానం లేదు. ఆసిఫాబాద్‌లో మేం అద్దెకున్న ఇల్లది. బడికి ఎండాకాలం సెలవులు. అత్త వంటింటి గడపలో కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతోంది.

"మీ బాపును ఎందుకు దించుతున్నవ్ రా?" అంది.

"బాపును కాదవ్వా, అద్దం గావాలె. బాపు మళ్ల గోడకే పోతడు."

"అద్దం లేకుంటె మొఖం మీద దుమ్ము పడ్తది."

"దుమ్ము పడని రోజున్నదా ఆయనకు? బతుకంత నాగలెనకనే గద."

అత్త నవ్వు దాచుకోవడానికి దారాన్ని పళ్లతో కొరికింది. ఆయన మేకులు ఊడదీసి, అద్దాన్ని పంచె చెంగుతో తుడిచి నా చేతికిచ్చాడు. తరువాత వేములవాడ రాజన్న పటం దించాడు. ఆ తరువాత కొండగట్టు నుంచి తెచ్చిన ఆంజనేయస్వామి పటం. నాలుగోది మా పెళ్లి ఫోటో.

"మన లగ్గం పటం గూడనా?" అన్నాను.

"నాలుగు గావాలె. ఇంట్ల నాలుగే ఉన్నయ్."

అద్దాలు కొనుక్కోవచ్చు కదా అని ఇప్పుడు చదివేవాళ్లకు అనిపిస్తుంది. ఆసిఫాబాద్‌లో అప్పుడు కిటికీ అద్దం కావాలంటే దుకాణదారు బయటి నుంచి తెప్పించాలి, వారమో పదిహేను రోజులో ఆగాలి. మా ఆయన ఆగదలుచుకోలేదు. ఎందుకో ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

ఆ ఏప్రిల్‌లో మేమిద్దరం రైల్లో పెద్దపల్లి దాకా, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్ వెళ్లి కళ్ల డాక్టరును కలిశాం. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. ఆ ఏడాది మొదలుకొని పగలు కూడా గుమ్మాలు భుజాలకు తగలడం, పక్కన పెట్టిన చాయ్ గ్లాసు దొర్లిపోవడం మొదలైంది. డాక్టరు చాలాసేపు చూసి, చూపు అంచుల నుంచి మూసుకొస్తోందన్నాడు. కొన్నాళ్లకు బావిలో నిలబడి పైకి చూస్తే కనిపించేటంత ఆకాశమే మిగులుతుందట, తరువాత అదీ ఉండదట. ఎన్నాళ్లకు అని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో ఆయన నాకు చెప్పింది ఇంతే:

"బడిల తెలిస్తె నౌకరి పోతది. అవ్వకు తెలిస్తె అవ్వ పోతది. నీకు, నాకు. ఇంకెవలికొద్దు."

సరేనన్నాను. కొంచెం దూరం పోయాక మళ్లీ ఆయనే అన్నాడు.

"ఎనిమిదేండ్లాయె, గాలుల పాఠం జెప్పవట్టి. ఎండకు గాలి లేస్తది, సముద్రం మీది గాలి వచ్చి ఆ జాగ నింపుతది, వాన పడ్తది. గంతే చెప్తున్న. గాలిని ఒక్కసారి గూడ చూడలే. కండ్లున్నప్పుడే చూడాలె. పిల్లలకు చూపియ్యాలె."

ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. ఉద్యోగంలో చేరేనాటికి బడి తెలుగులోకి మారింది. పాఠాన్ని తానే మళ్లీ తెలుగులో కట్టుకోవలసి వచ్చినప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది నిజంగా ఇట్లాగే జరుగుతుందా అని అడిగే అలవాటు పట్టుకుందనేవాడు. నేను మంథనిలో ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో తప్పు పోయేదాన్ని కాదు.

పెట్టె అసలు చాయ్‌పత్త పెట్టె. వడ్లాయన, అంటే వడ్రంగి, దాన్ని పదహారు అంగుళాల చదరంగా, పన్నెండు అంగుళాల ఎత్తుకు కోశాడు. ముందువైపు రెండు అద్దాలు, వెనకవైపు రెండు. పొగ బాగా కనబడడానికి ఒకవైపు నల్లగుడ్డ వేలాడదీసి, రెండోవైపు నుంచి చూడాలి. అడుగున మధ్యలో చిన్న గాసునూనె బుడ్డి, దానిమీద వెడల్పాటి రేకు. ఆ రేకే నేల, ఎండకు కాలిన మన నేల. పైన రేకు మూత. మూతకు లోపల ఒక కొక్కెం, బడి నుంచి తెచ్చిన ఉష్ణమాపకం వేలాడదీయడానికి. పక్క చెక్కకున్న బెజ్జంలోంచి ఊదుబత్తి పొగ వదలాలి.

"గుట్టలేవి? అడివేది? సముద్రమేది?" అన్నాను.

"అన్ని పెడితె అదే ఆకాశమైతది, మనకు మళ్ల ఏం సమజ్‌గాదు. తీసేయగలిగినన్ని తీసేద్దాం. మిగిలినదాంతోని ఏమైతదో చూద్దాం."

"ఇంత చిన్నదా ఆకాశం?" అంది అత్త దూరం నుంచే.

"ఇది పిల్ల ఆకాశమవ్వా."

దీపం వెలిగించి పొగ వదిలాం. పొగ మొదట అడుగున పాకింది. రేకు మీదికి రాగానే ఒక్కచోట చేరి, సన్నగా, తిన్నగా మూత దాకా లేచింది. ఆయన నేలమీద బోర్లా పడుకుని ముఖం అద్దానికి దగ్గరగా పెట్టాడు. ముప్పై ఒక్కేళ్ల మనిషి, సారు, పిల్లవాడిలా నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు.

"లేస్తుంది," అన్నాడు. "మరి ఇంత పొగ లేస్తుందిగద, పైన ఎందుకు కుప్ప పడ్తలేదు? ఎటు పోతుంది?"

నేను ఆశ్చర్యపోయాను. నాకు కనబడుతూనే ఉంది. మూతకు తగిలిన పొగ నాలుగు దిక్కులా పరుచుకుని, చెక్కల పక్కన పలచగా, నిదానంగా కిందికి దిగుతోంది. అప్పుడు అర్థమైంది. ఆయన చూపు ఆ పొగస్తంభం వెడల్పుకే సరిపోతోంది. పక్కకు తిరిగితే దిగే పొగ అందుతుంది గాని, అది ఎంత నిదానమంటే లేచేదాన్ని పక్కన పెట్టి చూస్తే తప్ప కదలికే తెలియదు. రెండూ ఒకేసారి ఆయనకు అందవు.

"పక్కలకు దిగుతున్నది," అన్నాను. "అంతట దిగుతున్నది."

"అంతటనా?"

"నడిమిల ఆ ఒక్క జాగ తప్ప అంతట."

ఆ రోజు నుంచి అంచులు నా పని. ఆయన మధ్యలో చూసేవాడు, నేను పక్కల చూసి చెప్పేదాన్ని.

లెక్క కూడా నేనే కట్టాను, పలక మీద. లేచే స్తంభం రెండంగుళాల వెడల్పు. రెండు రెళ్లు నాలుగు. పెట్టె అడుగు పదహారు పదహార్లు రెండు వందల యాభై ఆరు. అందులో నాలుగు తీసేస్తే రెండు వందల యాభై రెండు. పైకి ఎంత పోయిందో కిందికి అంత రావాలి. నాలుగంగుళాల చోట పోయింది రెండు వందల యాభై రెండంగుళాల చోట రావాలంటే అరవై మూడు రెట్లు నిదానంగా రావాలి. అందుకే అది ఎవరి కంటా పడదు. మబ్బు లేవడం ఊరంతా చూస్తుంది. దిగే గాలిని ఎవరూ చూడరు, దాని కిందే బతుకుతున్నా.

ఆయన పలకను ముఖానికి దగ్గరగా పట్టుకుని, అంకెల వెంట కళ్లను జరుపుకుంటూ చదివాడు. తరువాత బయటి ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు లేదు, ఎండ మండుతోంది.

"అంటె అవ్వా, మనకిట్ల ఎండ గొడుతుందంటె, ఎక్కడనో లేచిన గాలి మన నెత్తిమీద దిగుతున్నది. అక్కడ వాన పడుతున్నట్టు."

"ఎవలికో వాన పడితె మనకెందుకురా గీ మండుడు?" అంది అత్త, విసనకర్ర ఊపుతూ. "వాళ్లను జర ఆపుమను."

అత్త వేళాకోళంగా అన్న ఆ మాటే ఆయనను పట్టుకుంది. ఆపడం. మా పెట్టెలో దీపం ఉన్నంతసేపూ పొగ లేస్తూనే ఉండేది, ఆగేది కాదు. కాని జూన్ మొదట్లో మా దగ్గర వానలు అట్లా ఉండవు. సాయంత్రం నాలుగింటికి మబ్బు కొండలా లేస్తుంది, ఉరుముతుంది, గంటసేపు దంచి పోతుంది. నేల ఇంకా వేడిగానే ఉంటుంది, పొద్దు ఇంకా ఉంటుంది. మరి మబ్బు ఎందుకు ఆగింది? దీపం ఆరకుండానే పొగ ఎందుకు ఆగాలి? వారం రోజులు అన్నం ముందు కూర్చుని కూడా ఇదే మాట. వత్తి తగ్గించాడు, పెంచాడు, మూత కొంచెం తెరిచాడు. లేచిన పొగ లేస్తూనే ఉంది.

ఆ వారం అంతా అత్త మరోటి గమనిస్తోంది. రాజన్న అద్దం, ఆంజనేయుని అద్దం, వాటి వెనక దీపం, ఊదుబత్తి. మళ్లీ శుక్రవారం వచ్చింది. మేమిద్దరం లోపల అన్నం తింటుంటే, ఆమె తడిగుడ్డలోంచి మల్లెమాల తీసి, పెట్టె మూత ఎత్తి, కొక్కేనికున్న ఉష్ణమాపకం విప్పి మాల వేలాడదీసింది. నీళ్లు ఇంకా కారుతున్నాయి. ముందరి అద్దానికి ఒక మూల కుంకుమబొట్టు పెట్టింది.

మేం వచ్చి ఎప్పటిలాగే దీపం వెలిగించాం. ఆయన బోర్లా పడుకుని రేకు దగ్గర చూస్తున్నాడు. పొగ చేరింది, లేచింది, నాలుగు వేళ్లు పైకి పోయి ఆగింది. మాల నుంచి ఒక చుక్క రేకు మీద పడి చుయ్‌మంది. ఇంకొకటి. పొగ అక్కడే తలవంచి కిందికి దిగింది.

"దిగుతుంది," అన్నాడు. "నడిమిల దిగుతున్నదే. పక్కలకు ఏమైతుంది? చెప్పు."

"కిందికొచ్చి నేల మీద పాకుతుంది. ఎడమ దిక్కుకు." రేకు ఎడమవైపు నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేది. "రేకు కొసకు పోయింది. ఆగుండ్రి, అక్కడ ఇంకోటి లేస్తున్నది."

"కొత్తదా?"

"కొత్తది. సన్నగ."

ఆయన మెల్లగా లేచి, మూత ఎత్తి, చెయ్యి లోపల పెట్టి చూశాడు. తడి పూలు తగిలాయి. అత్త తప్పు దొరికినట్టు దూరంగా నిలబడింది.

"దేవుని అద్దాలు, దేవుని పొగ, పూలు లేకుంటె ఎట్ల మరి?" అంది. "ఆ జ్వరంకడ్డి తీసి బియ్యం కుండల పెట్టిన. దేవునికి జ్వరమేంది?"

"అవ్వా, మేం ఒకటి తీసేయకూడనిది తీసేసినం," అన్నాడాయన. "నీళ్లు."

పూలు తడిపిన గాలి చల్లబడి బరువెక్కి దిగింది. చుక్కలు పడి రేకు చల్లారింది. తన కింది నిప్పును వానే ఆర్పుకుంది. ఆ చల్లగాలి నేలవెంట పక్కకు పోయి, అక్కడింకా వేడిగా ఉన్నదాన్ని పైకి తోసింది. ఆయన ఇదంతా చెబుతుంటే అత్త మధ్యలో అడిగింది.

"అయితె పూలు తియ్యాల్నా, ఉంచాల్నా?"

"ఉంచు. రోజూ పెట్టు."

రెండు రోజులకు సాయంత్రం పడమర నల్లబడింది. అరుగు మీద కూర్చున్నాం. చుక్క పడక ముందే ఎటునుంచో చల్లగాలి దుమ్ము లేపుకుంటూ వచ్చి ముఖానికి తగిలింది. ఆయన కళ్లు మూసుకుని ఆ గాలికి చెంప ఇచ్చాడు.

"ఇగో, అవ్వ పూలగాలి," అన్నాడు. "ఎక్కడనో ఒక వాన ఆగింది. మనదిప్పుడు లేస్తది."

లేచింది. ఆ తరువాత మా ఇంట్లో వాన ముందరి గాలికి అదే పేరు.

బడి తెరిచిన రెండో వారంలో, ఎనిమిదో తరగతికి చూపించే రోజు వచ్చింది. పెట్టెను ఎడ్లబండిలో గడ్డి మీద పెట్టి, నేను ఒకవైపు, అత్త ఒకవైపు పట్టుకుని తీసుకుపోయాం. అత్త ఒళ్లో తడిగుడ్డలో మాల. చప్రాసి పెట్టెను లోపలికి మోసి బల్లమీద పెట్టి నల్లగుడ్డ తానే కట్టాడు. మేమిద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. వెనక బెంచీ పక్కన హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డాడు. ఆయన రావడం మా ఆయనకు కనబడలేదు.

మా ఆయన చక్కగా చెప్పాడు. పొగ లేచింది, పిల్లలు 'ఆ!' అన్నారు. మాల వేలాడదీశాడు, పొగ వంగింది, ఇంకా పెద్దగా 'ఆ!' అన్నారు.

"ఇప్పుడు ఎడమ దిక్కు చూడుండ్రి. చల్లగాలి పోయి అక్కడ కొత్తది లేస్తుంది."

పిల్లలు ఎడమవైపు చూశారు.

"లేస్తలేదు సార్," అన్నాడొకడు.

"మంచిగ చూడు."

ముందు బెంచీలో అమ్మాయి ఒకతి లేచి నిలబడింది. "సార్, కుడి దిక్కు లేస్తుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. నల్లగుడ్డ ఎటు కట్టారో అప్పుడు చూశాను. ఇంట్లో మేం వెనకవైపు అనుకునే అద్దాల నుంచి పిల్లలు చూస్తున్నారు. మా ఎడమ వాళ్లకు కుడి. ఆయన నా మాటలనే కంఠతా పట్టి చెబుతున్నాడు. తల కుడికి తిప్పాడు, కొత్త పొగ కోసం వెతికాడు, దొరకలేదు. మళ్లీ మధ్యకు తిప్పాడు. చెయ్యి పెట్టె మీద ఉంది. తలుపు దగ్గర అత్త నా చెయ్యి పట్టుకుంది.

నెపం చెప్పడానికి ఆయనకు చోటుంది. చప్రాసి తప్పు కట్టిండు అంటే చాలు, నిజమే కూడా. అందరూ నవ్వి ఊరుకునేవారు.

"నాకు నడిమిల ఉన్నదే కనబడ్తది," అన్నాడు. "పక్కలు కనబడయ్. రాను రాను నడిమిల గూడ కనబడదన్నరు. ఇంటికాడ పక్కలు చూసి చెప్పింది వేరే మనిషి. ఇయ్యాల మీరు చెప్పాలె. కుడి దిక్కోల్లు కుడిది చెప్పుండ్రి, ఎడమ దిక్కోల్లు ఎడమది. నేను నడిమిది చెప్త."

మొదట కుడివైపు నుంచి ఒక గొంతు.

"పెద్దగైతుంది సార్. మీదికి ముట్టింది."

"ఎడమ దిక్కు మొత్తం దిగుడే సార్. మెల్లగ."

"పాతది సచ్చింది సార్."

"దానిమీద గూడ వాన పడ్తదా సార్?"

"పడ్తది. పడితె ఏమైతదో మీరే చెప్పాలె. అవ్వా, మాల జర కుడికి జరుపు."

నలభై మంది పిల్లల ముందు అత్త కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. మూత కొంచెం జరిపి, తడి చేత్తో మాలను కొత్త పొగ మీదికి తెచ్చింది. అదీ వంగింది. ఎడమవైపు పిల్లలు ఒక్కసారిగా, మా దిక్కు లేస్తుంది అన్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ రోజు ఆ పెట్టెలో మూడు వానలు కురిసి ఆగాయి. ఆయన మూడింటినీ పిల్లల మాటల్లోనే చూశాడు.

పిల్లలు పోయాక హెడ్మాస్టరు ముందుకొచ్చాడు. నల్లగుడ్డ ఎత్తి, కుంకుమబొట్టు అద్దాన్ని కొంచెంసేపు చూశాడు.

"నేనీ సంగతి కాయితం మీద పెట్టను," అన్నాడు. "ఇంకెవలన్న పెడితె ఆపలేను. అంతే నాతోనైతది."

బండిలో తిరిగి వస్తుంటే ఆయన అత్తతో మాట్లాడడానికి మూడు మలుపులు పట్టింది.

"అవ్వా, నీకు చెప్పకపోతి..."

"ఏం చెప్తవ్? చిన్నప్పుడు పొద్దుగూకినంక నీ ముందర నడిచిందెవలు? తెల్లచీర ఎందుకు కట్టుకున్న అనుకున్నవ్, మీ బాపు ఉన్నప్పుడు గూడ?" అంది అత్త. "తెలిస్తె అవ్వ పోతదన్నవట. నేనెటు పోలే. జర సరిగ్గ కూసో, అద్దాలు పగుల్తయ్."

నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. మరి బస్సులో అన్న ఆ మాట ఆమెకు ఎట్లా తెలిసిందని అత్తను తరువాత అడిగాను. ఆయన నిద్రలో మాట్లాడతాడని ఆయనకు తెలియదు, అత్తకు తెలుసు.

ఆరేళ్లు అట్లాగే పాఠం చెప్పాడు. తరగతిని మూడు భాగాలు చేసేవాడు, ఎడమ, నడుమ, కుడి. ఏ ప్రయోగమైనా పిల్లలు చూసింది చెప్పాలి, ఆయన దాన్ని అడిగి అడిగి సరిచేయాలి. మొదట్లో నడుమ భాగం ఆయనదే. తరువాత అదీ పిల్లలకే ఇచ్చాడు. 1965లో ఎవరో కాయితం మీద పెట్టారు. హెడ్మాస్టరు అన్నట్టే, ఆపలేకపోయాడు.

ఆ తరువాత ఇంట్లో నేను పిల్లలకు లెక్కలు చెప్పాను, ఆయన గాలుల పాఠం చెప్పాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, గాలి చెంపకు తగలగానే, ఏ దిక్కున ఆగిందో, ఎంత దూరమో చెప్పేవాడు. నేను మబ్బు చూసి సరో కాదో చెప్పేదాన్ని. ఎక్కువసార్లు సరే.

పోయినవి రాసిపెడుతున్నాను.

అద్దాలు మూడు. ఒకటి బండిలో తిరిగి వచ్చేటప్పుడు, అత్త చెప్పినా వినక. రెండు 1962లో, ఇంటి కప్పు పెంకులు పడి. కుంకుమబొట్టు ఉన్నది మిగిలింది.

బడి ఉష్ణమాపకం ఒకటి. బియ్యం కుండలో విరిగింది. కుండెడు బియ్యం, పాదరసం పడినందుకు.

రాజన్న పటం రంగు. మామగారి పటంలో ఎడమ చెవి, చెదలకు.

మా పెళ్లి ఫోటోలో నా ముఖం, వాన తేమకు. ఆయన ముఖం బాగానే ఉంది. ఫోటో ఎట్లుందని ఆయన అడిగినప్పుడు, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన ఎడమ కన్ను, 1963. కుడి కన్ను, 1965.

నౌకరి, అదే ఏడు.